పదకొండో తెప్పలో ఆట పలక

1. కార్తీక శుద్ధ విదియ

సువర్చలమ్మ గారికి, మూడో వరస పదకొండో తెప్ప నుంచి కొర్లమ్మ రాస్తున్నది. మీ ఒంట్లో ఎలా ఉంది? పోయినసారి లాంచీ దిగుతూ మడమ పట్టుకున్నారు, వాపు తీసిందా? మీ అమ్మగారి చక్కెర అదుపులోకి వచ్చిందా? మీవారి నడుము ఎలా ఉంది, వంగి బరువులు ఎత్తడం లేదు కదా? పాపకి ముందు పళ్ళు మళ్ళీ మొలిచాయా? లాంచీ నడిపే గౌరినాయుడి దగ్గు తగ్గిందా? ఇవాళ వచ్చినప్పుడు అడుగుదామనుకునేలోపే వెళ్ళిపోయాడు. నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళ సంగతి చెప్పుకునేది కాదు. ఇక మా ఆయన వణుకు జబ్బు సంగతి. అది రాయడానికే కదా, ఆయనకి వైద్యం చేస్తూ మీరు ఈ పుస్తకం ఇచ్చారు.

రోజు విడిచి రోజైనా రాసి, పేజీ గోడ తెర ముందు పట్టుకుంటే మీకు చేరుతుందన్నారు. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

ఆట పలక వచ్చింది. పీట కంటే పెద్దది, తలుపు కంటే చిన్నది. గోనె విప్పి, తుడిచి, కట్టి, గోడ తెరకి ఎదురుగా పెట్టాను. మీరు చెప్పినట్టే పొద్దుటి మాత్ర వేసిన గంటకి ఆయన్ని ఎక్కించాను. తెర మీద సముద్రం వచ్చింది. అందులో చిన్న పడవ. మనిషి కుడికి వాలితే పడవ కుడికి, ఎడమకి వాలితే ఎడమకి. చేపల గుంపు మీదికి పోవాలి, రాళ్ళు తప్పించాలి.

ఆయన అయిదు నిమిషాల్లో పడవని ఏడు రాళ్ళకి కొట్టాడు. నలభై ఏళ్ళు సరంగుగా చుక్కాని పట్టినవాడు. చుక్కాని ఎడమకి తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. ఆ అలవాటుతో ప్రతిదానికీ ఎదురు వాలాడు.

"ఈ పడవ కట్టినోడు నీల్లు సూసినోడు కాదే కొర్లీ" అన్నాడు.

తెర ఇరవై రెండు అని చూపించింది. అమావాస్య నాడు తనిఖీ ఆయన వస్తాడు. అప్పటికి యాభై రావాలి. రాకపోతే నిలకడ చీటీ ఇవ్వరు. చీటీ లేనివాళ్ళు తెప్పల మీద ఉండకూడదు, గట్టు మీద ఆశ్రమానికి పోవాలి. అక్కడికి జబ్బు మనిషిని ఒక్కణ్ణే తీసుకుంటారు. నేను కూడా వెళ్దామంటే, పది రోజులు తెప్ప ఖాళీగా ఉంటే వరస నుంచి విప్పి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇరవై ఎనిమిది రోజులుంది. ఇరవై రెండు నుంచి యాభై.

2. శుద్ధ పంచమి

ముప్ఫై ఒకటి. "చుక్కాని మరిచిపోండి, మీ బొడ్డే పడవ ముక్కు అనుకోండి" అని మీరు తెర మీద చెప్పిన మాట పనిచేసింది. ఇప్పుడు వాలే ముందు బొడ్డు మీద చెయ్యి పెట్టుకుంటున్నాడు.

మాత్ర వేసుకున్నప్పుడు చేప పెట్టొద్దన్నారు. పెట్టడం లేదు. అంబలి ఇస్తున్నాను. చేప రాత్రికి. గడప దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోతున్నాయని చెప్పాను కదా, మీరన్నట్టు నేల మీద అడ్డంగా ఎర్రటి పట్టీలు అంటించాను. పట్టీ పట్టీకి కాలేస్తే దాటుతున్నాడు.

పక్క తెప్ప సత్తెమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. నాకు ఆడపడుచు వరస. నోరు ఆగదు.

"ఏటొదినా, సరంగన్నియ్య గోడ మీద సేపలు పడతన్నాడంట. ఒక గిన్నె పులుసు ఇటు ఒంపరాదా?"

"నీ మొగుడు నీల్లలో పట్టింది ముందు ఒంపే" అన్నాడు మా ఆయన, వాలుతూనే. ఆ నవ్వుకి రెండు రాళ్ళు తగిలాయి.

3. శుద్ధ అష్టమి

నలభై మూడు! ఇవాళ పోటు లేక నీళ్ళు మందంగా ఉన్నాయి, తెప్ప కదలలేదు. అందుకా అనుకున్నాను. తెప్ప ఊగడం పలక తనంతట తానే లెక్కలోంచి తీసేస్తుందని మీరు చెప్పారు. అయితే ఇది ఆయన గొప్పే. తెర గంట కొట్టి రెండో మెట్టుకి తీసుకుపోయింది. రాళ్ళు పెద్దవయ్యాయి, పడవ జోరు పెరిగింది. ఒళ్ళంతా విసిరి వాలితేగాని తప్పించలేడు. విసురుతున్నాడు.

మధ్యాహ్నం మంచినీళ్ళ పీపా దగ్గర పడ్డాడు. మోచెయ్యి గీసుకుంది. నీళ్ళు కదలని రోజు ఎందుకు పడ్డాడో తెలియలేదు. పసుపు రాశాను.

4. శుద్ధ ఏకాదశి

యాభై రెండు. చీటీకి సరిపడా వచ్చేసింది. సంతోషంగా రాయాలని కూర్చున్నాను గాని చెయ్యి రావడం లేదు. నిన్న ఒకసారి, ఇవాళ రెండుసార్లు పడ్డాడు. పొయ్యి దగ్గర తిరగబోయి, మంచం మీంచి లేవబోయి, ఊరికే నిలబడి. పడే ముందు ఆటలో వాలినట్టే ఒళ్ళు పక్కకి విసురుతున్నాడు. ఆటలో నిలబడే మనిషి ఇంట్లో ఎందుకు పడతాడమ్మా? మాత్ర ఎక్కువైందా? మాత్రలు మళ్ళీ లెక్కపెట్టాను, సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను.

ఆయనకి మాత్రం ధైర్యం వచ్చేసింది. చెయ్యి పట్టుకోబోతే విదిలిస్తున్నాడు. "యాభై రెండే. నీకెంతొచ్చునో ఎక్కి సూడు" అంటున్నాడు.

5. పౌర్ణమి

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తే మీరు తనిఖీ వాళ్ళకి చెబుతారేమో అని భయం. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు. రాస్తున్నాను.

పొద్దున్న యాభై ఎనిమిది వచ్చింది. మూడో మెట్టు. నేను నాచు పెంచే తాళ్ళు తిప్పడానికి వెనక వైపు వెళ్ళాను. పున్నమి పోటుకి తెప్పలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. నాకు చెప్పకుండా ఒక్కడే తెప్పలని కలిపే బల్ల దారి మీదికి వెళ్ళాడు. రెండో బల్ల మీద ఒళ్ళు విసిరాడట. కుడి కాలు మా తెప్పకీ సత్తెమ్మ తెప్పకీ మధ్య దిగిపోయింది. ఆ సందు పోటుకి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మూసుకునే లోపు సత్తెమ్మ ఆయన చొక్కా వీపున పట్టి లాగేసింది. ఆమె కేక విని నేను వెళ్ళేసరికి ఇద్దరూ బల్ల మీద బోర్లా పడి ఉన్నారు.

"ఒదినా, ఈ మడిసిని కట్టుకున్నావా, వొదిలేసినావా?" అని ఏడుస్తూ తిట్టింది.

కాలికి ఏమీ కాలేదు. చెప్పు పోయింది. నేను కూర్చుని ఆ సందు వైపే చూశాను. నాకు ఈత రాదు. మీకు తెలుసో లేదో.

6. బహుళ చవితి

ఇవాళ మీరు తెర మీదికి వచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు. అయినా రాస్తాను, పుస్తకంలో ఉండాలి.

"అంకెలు పెరుగుతున్నాయి, పడటాలూ పెరుగుతున్నాయి. రెండూ కలిసి ఉండకూడదు కొర్లమ్మ గారూ. పలక ఒకసారి చూపించండి" అన్నారు.

చూపించాను. మీరు తెరకి దగ్గరగా వంగారు.

"ఆ తాళ్ళేమిటి?"

"ఏ తాళ్ళు?"

"పలక నాలుగు చెవులకీ ఉన్నవి."

"కట్టానండి."

"ఎందుకు కట్టారు?"

ఇక్కడ కట్టకుండా ఏది ఉంచుతాం? ఉప్పు జాడీ మెడకి తాడుంది. కుంపటికి, మంచానికి, దేవుడి పటానికి తాడుంది. పిల్ల పుడితే మొదట నడుముకి తాడు, తరవాత పేరు. మొదటి రోజే "కట్టి పెట్టాను" అని రాశాను కూడా. మీరు పేజీ తిప్పి చూసుకుని, "రాశారు. నేను గోనె కట్టడం అనుకున్నాను" అన్నారు.

పలక కింద మెత్తటి కాళ్ళుంటాయని, మనిషి వాలినప్పుడు అది కొంచెం ఊగితేనే బరువు ఎటుపోయిందో దానికి తెలుస్తుందని చెప్పారు. నేను బిగించేశాను. ఆయన తూలినా దానికి సగమే తెలిసింది. కుదురుగా ఉన్నాడనుకుని మెట్టు పెంచింది, ఇంకా వాలమంది. ఆయన ఒళ్ళు విసరడం నేర్చుకున్నాడు. కాళ్ళు మోయలేనంత విసరడం.

అంటే ఆ సందులోకి ఆయన కాలు దింపింది నేను.

"మీ తప్పు కాదమ్మా, మేం చెప్పాల్సింది" అన్నారు. మీరు మంచివారు.

తాళ్ళు విప్పేశాను. అమావాస్యకి ఇంక పదకొండు రోజులు.

7. బహుళ పంచమి

ఇరవై తొమ్మిది.

ఆయన పలక దిగి మంచం ఎక్కి గోడ వైపు తిరిగాడు. అంబలి ముట్టలేదు.

"ఇన్నాల్లు నాకు రాని అంకెలు నాకు సూపించినావు" అన్నాడు. "వరసంతా సెప్పుకున్నాను. నానింకా సరంగునే అనుకున్నాను."

"తెలిసి సేసినానేటి?"

"తెలవకుండా సేసినావు. అందుకే నిన్నేటీ అనలేకపోతన్నాను."

తిట్టినా బాగుండేది.

8. బహుళ అష్టమి

మొన్నంతా పలక ఎక్కలేదు. నిన్న మీరు తెర మీదికి వచ్చి ఆయనతో ఏం మాట్లాడారో నాకు సగమే వినపడింది. నేను పొయ్యి దగ్గర ఉన్నట్టు నటించాను. "కొత్త పడవ ఎక్కితే మొదటి రోజే నడిపేవారా?" అని అడిగారు. "మూన్నెల్లు దాని నడక తెలీదు" అన్నాడు. "మరి దీనికి?" అన్నారు. ఆయన కాళ్ళు కిందకి దించాడు.

మళ్ళీ మొదటి మెట్టు. పడవ నెమ్మది, రాళ్ళు చిన్నవి. పూటకి పది నిమిషాలు, రోజుకి మూడు పూటలు. నేను వెనకాల నిలబడి నడుము చుట్టూ చేతులు ఉంచుతున్నాను, తాకకుండా. నిన్న ముప్ఫై ఒకటి, ఇవాళ ముప్ఫై నాలుగు. వాలడం పొట్టిగా ఉంది, వచ్చిన చోటికి తిరిగి వస్తున్నాడు. తూలినప్పుడు ముందడుగు వేసి ఆపుకోవడం నేర్పుతోంది ఆట.

పొయ్యి దగ్గర మళ్ళడానికి ఇదివరకు తొమ్మిది చిన్న చిన్న అడుగులు వేసేవాడు. ఇవాళ అయిదు. రెండుసార్లు లెక్కపెట్టాను. పడలేదు.

కానీ రోజులే లేవు.

9. బహుళ ద్వాదశి

ముప్ఫై తొమ్మిది. మూడు రోజుల్లో పదకొండు పెరగాలి. పెరగవని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

నాచు ఆరబెడుతుంటే సత్తెమ్మ దగ్గరికి వచ్చింది.

"ఒదినా, తనిఖీ ఆయన పరీచ్చ మీ పలక మీదే ఎడతాడు. తనది తేడు."

"అయితే?"

"గట్టు మడిసి. ముడి సూస్తే ముడని తెలీదు ఆడికి. నైలాను దారం ఉంది కదా, సేపలకే కనపడదు. ఆడికి కనపడతాదేటి?"

"ఒగ్గేయే సత్తెమ్మా" అన్నాను.

"నానొగ్గేత్తాను. గట్టెక్కినోలు తిరిగొచ్చినది నువ్వు సూసినావా?"

ఇద్దరిని చూశాను, ఇన్నేళ్ళలో.

10. బహుళ చతుర్దశి

నలభై రెండు. పడలేదు. అన్నం సగం తిన్నాడు. గడ్డం నేనే గీశాను, రేపటికి. ఇంకేమీ రాయను ఇవాళ.

11. అమావాస్య

నిన్న ఇంకేమీ రాయనన్నాను. రాయాల్సింది ఉంది, అందుకే రాయలేదు. పలక చెవులకి నైలాను దారం కట్టాను. చేపల దారం, ముడి నేల కింద పడేటట్టు. మీరు తిడతారని తెలుసు. మా ఆయన మీద ఒట్టు, నాకు వేరే దారి కనపడలేదు. ఆయన గట్టు మీద ఉంటే మాత్ర వేసిన గంటకి ఎవరు లేపుతారు? చేపా మాత్రా కలిపి పెట్టేస్తే? గడప దగ్గర కాళ్ళు అతుక్కుంటే వెనక నుంచి తోస్తారేమో? రాత్రంతా ఇవే.

తనిఖీ ఆయన ఫణీంద్ర గారట. సన్నగా, కళ్ళజోడుతో, లాంచీలోనే కడుపు తిప్పిందని నిమ్మకాయ వాసన చూస్తూ దిగాడు. పోటు గట్టిగా ఉంది. తెప్ప మూలుగుతోంది. మంచం మీద కూర్చుని, "మొదలు పెడదామా మసేను గారూ" అన్నాడు. సత్తెమ్మ కిటికీ దగ్గర ఉంది. మీరు తెర మూలన కనపడుతున్నారు.

మా ఆయన పలక ఎక్కాడు. ఆట మొదలు కాకముందు అలాగే నిలబడ్డాడు. అరికాళ్ళు ఇటూ అటూ కదిపాడు.

"ఒలే కొర్లీ. కత్తి తే."

"ఎందుకు?"

"తే."

ఫణీంద్ర గారు తల ఎత్తాడు. "కత్తా? ఏం జరుగుతోంది?"

"మా ఇంటిది పలక కట్టీసిందండి" అన్నాడు మా ఆయన, ఏదో పొరుగింటి సంగతి చెప్పినట్టు. "నా అరికాల్లకి తెలస్తంది. కట్టిన పడవ నడపడం నాకు రాదు. ఆ దారం ఇప్పించి పరీచ్చ ఎట్టండి."

తనిఖీ ఆయన నా వైపు చూశాడు. మోసం చేస్తే అక్కడికక్కడే చీటీ రద్దు, నాక్కూడా రద్దు. చీటీ వెనకే అచ్చు వేసి ఉంటుంది. సత్తెమ్మ కిటికీ దగ్గర నుంచి మాయమైంది.

"కొర్లమ్మ గారూ" అన్నారు మీరు తెర మీద నుంచి, మెల్లగా. "కొయ్యండి."

వంగి కోశాను. నాలుగు దారాలు. నేను వంగి ఉండగా ఆయన నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు:

"ఆ సీటీ అట్టుకుని ఆ సందులో పడితే నా ఎనకాల నువ్వు దూకవా? దూకుతావు. నీకు ఈతా రాదు."

ఆట మొదలైంది. పది నిమిషాలు. తెర మీద పడవని చూడలేకపోయాను, ఆయన మడమలే చూశాను. తెప్ప ఎగిసినప్పుడు ఒకసారి బాగా తూలాడు. నేను చేతులు చాచాను. ఫణీంద్ర గారు "తాకకూడదు" అన్నాడు. మా ఆయన కుడి కాలు ముందుకి వేసి, ఆపుకుని, మళ్ళీ వెనక్కి తెచ్చాడు. బొడ్డు మీద చెయ్యి. ఆఖరి చేపల గుంపు దాకా పడకుండా ఉన్నాడు.

నలభై నాలుగు.

మా ఆయనే అన్నాడు, "నిన్నటి కన్నా రెండు ఎక్కువే."

ఫణీంద్ర గారు ఈ పుస్తకం అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చదివాడు. మీరు మధ్యలో ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. నాకు అక్షరాల తప్పులు గుర్తొచ్చి సిగ్గేసింది, అంత భయంలోనూ. చివరికి, "పడినవన్నీ రాశారే" అన్నాడు.

"రాయమన్నారు కదండి."

"అందరికీ రాయమనే చెబుతాం. మీరు రాశారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దారం సంగతి నేను చూడలేదు, పరీక్ష మొదలయ్యేసరికి పలక విప్పే ఉంది. నలభై నాలుగుకి చీటీ మాత్రం ఇవ్వలేను."

అప్పుడు మీరన్న మాటలు మీకు గుర్తుండే ఉంటాయి. విప్పిన పలక మీద ఆయన ఆడింది తొమ్మిది రోజులేనని, తొమ్మిది రోజుల్లో పదిహేను పెరిగిందని, ఇరవై ఎనిమిది రోజులూ సరిగ్గా ఆడనివ్వకుండా ఎలా తేలుస్తారని. మీరు అంత గట్టిగా మాట్లాడతారని నాకు తెలియదు.

మీరిద్దరూ తేల్చింది ఇదీ. ఆయన గట్టుకి వెళ్ళాలి. నాలుగు వారాలు మీ కళ్ళెదుట, కదలని నేల మీద, మొదటి మెట్టు నుంచి. ఆ తరవాత ఇక్కడే, మా తెప్ప మీద, ఇంకో పరీక్ష. యాభై వస్తే చీటీ. రాకపోతే ఇక అక్కడే.

"నాలుగు వారాలకని ఎల్లినోలు ఎంతమంది తిరిగొచ్చినారండి?" అని అడిగాను.

"ఆ లెక్క నా దగ్గర లేదమ్మా" అన్నాడు ఫణీంద్ర గారు. కాగితాల సంచీ ఆయన ఒళ్ళోనే ఉంది. తెరిచి చూడలేదు.

12. మార్గశిర శుద్ధ పాడ్యమి

పొద్దున్నే లాంచీలో ఎక్కించాను. గౌరినాయుడి దగ్గు తగ్గలేదు, మీరు చూడండి. మా ఆయన బల్ల దారి మీద ఆరు బల్లలు తనే నడిచాడు. ఒక పక్క నేను, ఒక పక్క సత్తెమ్మ, ఇద్దరం తాకలేదు. సత్తెమ్మ ఏమీ వెటకారం ఆడలేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"అన్నియ్యా, బేగి రా. ఒదిన నా బుర్ర తినేత్తాది" అని మాత్రం అంది.

"నీకు బుర్రుంటే కదే" అన్నాడు.

లాంచీ ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పున్నమికి తాల్లు బిగించు, నాచు కొట్టుకుపోద్ది" అన్నాడు. అంతే అన్నాడు. మాత్రల డబ్బా జేబులో ఉందో లేదో తడిమి చూశాను.

సంచీలో పెట్టినవి: చొక్కాలు మూడు, లుంగీలు మూడు, దుప్పటి, కొత్త చెప్పులు, గడ్డం కత్తి (ఆయన చేతికి ఇవ్వకండి, ఎవరైనా గీయండి), నేలకి అంటించే ఎర్ర పట్టీలు ఒక చుట్ట. ఆశ్రమం గడపకి అంటించమని చెప్పండి. పొద్దుటి మాత్ర వేసుకున్న గంట దాకా ఆయన మంచివాడు కాదు, మాటలు పట్టించుకోవద్దని అక్కడి ఆయాకి చెప్పండి. పిలిచినప్పుడు మసేను గారూ అంటే పలకడు, సరంగు గారూ అంటే లేస్తాడు.

పలక తీసుకువెళ్ళారు కాబట్టి గోడ ముందు నేల ఖాళీగా ఉంది. పొద్దుటి నుంచి రెండుసార్లు తుడిచాను. మధ్యాహ్నం సత్తెమ్మ వచ్చి, అడగకుండానే నడుముకి పాత గాలి డబ్బా కట్టి, నన్ను తెప్ప అంచున నీళ్ళలోకి దింపింది. ఈత నేర్పుతుందట. మోకాళ్ళు పీకుతున్నాయి, ముక్కులోకి నీళ్ళు పోయాయి, రేపు కూడా రమ్మంది. వెళ్తాను.

ఆయన తిన్నాడో లేదో, పలక ఎక్కాడో లేదో, ఎంత వచ్చిందో తెర మీద ఒక్క మాట చెప్పండి. తక్కువ వచ్చినా చెప్పండి. అసలు అంకే చెప్పండి.

ఆయన్ని చూడ్డానికి నేను గట్టుకి రావలసిన రోజు రాసి కాగితం ఇచ్చారు. మార్గశిర శుద్ధ ఏకాదశి, పొద్దుటి లాంచీకి.